పళ్లెం ముందు మొదలయ్యే వైద్యం

(డాక్టర్ సి. గోపాలన్ స్మృతిలో కామారెడ్డిలో చేసిన ఉపన్యాసం)

 

ఈ సాయంత్రం తలుచుకుంటున్నది డాక్టర్ కొలుత్తూర్ గోపాలన్‌ను. 1918లో సేలంలో పుట్టిన ఆయన 2019 అక్టోబరులో నూరేళ్లు నిండాక కన్నుమూశారు. పుట్టింది తమిళనాడులోనైనా ఆయన పని పండింది హైదరాబాదులో. 1958లో కూనూరు నుంచి ఇక్కడికి తరలివచ్చిన పోషకాహార పరిశోధనశాల 1969లో జాతీయ పోషకాహార సంస్థగా పేరు మార్చుకునే నాటికి దాన్ని నడిపిస్తున్నది ఆయనే. 1974లో భారత వైద్య పరిశోధన మండలికి డైరెక్టర్ జనరల్‌గా వెళ్లారు. మన ధాన్యాల్లో, పప్పుల్లో, ఆకుకూరల్లో ఏ పోషకం ఎంత ఉందో చెప్పే పట్టికల పుస్తకం మీద మొదటి పేరు ఆయనదే.

ఆయన చేసిన పనుల్లో రెండు ఈ ఉపన్యాసానికి కావాలి. మొదటిది జొన్నకు సంబంధించినది. దక్కన్‌లో జొన్న మీదే బతికే పేదల్లో పెల్లాగ్రా అనే జబ్బు కనిపించేది. మెడ చుట్టూ, చేతుల మీద చర్మం నల్లబడి పొలుసులు లేచేవి. నిద్ర పట్టదు, దిగులు కమ్ముతుంది, ముదిరితే మతి తప్పుతుంది. జొన్నలో ఎక్కువగా ఉండే ల్యూసిన్ దీనికి కారణం కావచ్చని గోపాలన్, శ్రీకాంతియా 1960లో లాన్సెట్ పత్రికలో రాశారు. ఆ సిద్ధాంతం మీద తర్వాత వాదాలు నడిచాయి. వాదం లేని సంగతి ఒకటుంది: నియాసిన్ అనే ఒక్క బి విటమిన్ అందితే ఆ రోగుల మనసు కుదుటపడేది.

రెండోది పిల్లల తిండి. ప్రపంచమంతా ప్రొటీన్ కొరత అని కలవరపడుతున్న రోజుల్లో, అసలు కొరత మామూలు తిండిదేనని గోపాలన్ బృందం చూపించింది. గోధుమపిండి, చక్కెర, నూనెతో చేసిన 310 కేలరీల తినుబండారాన్ని బక్కచిక్కిన పిల్లలకు నెలల తరబడి రోజూ పెడితే వాళ్లు ఎదిగారు. 1973లో అచ్చయిన ఆ అధ్యయనం ఛాయ ఈనాటి అంగన్‌వాడీ తిండి లెక్కల్లో కూడా కనిపిస్తుంది.

తిండి దొరకని వాళ్ల కోసం జీవితం పెట్టిన మనిషి పేరు మీద, తిండి ముందున్నా తినలేని వాళ్ల గురించి, తిన్నది కక్కేసుకునే వాళ్ల గురించి మాట్లాడటం కొందరికి ఎబ్బెట్టుగా తోచవచ్చు. పేద జిల్లాలో సంపన్నుల జబ్బు గురించి ఉపన్యాసమా అనిపించవచ్చు. అయితే గోపాలన్ జొన్న తినే పేదల దగ్గర చూసిందీ, ఈటింగ్ డిజార్డర్స్ వైద్యులు లండన్‌లో చూస్తున్నదీ ఒక్కచోట కలుస్తాయి. తిండి తగ్గితే మనసు మారుతుంది. అలా మారిన మనసుకు మాటలతో వైద్యం చేయాలంటే ముందు తిండి పెట్టాలి. ఆ పెట్టే చేతులు చాలావరకు ఇంట్లోవాళ్లవే. ఈ సాయంత్రం చెప్పదలచింది ఇంతే. మిగిలినదంతా దీనికి ఆధారం.

1. ఇది ఎవరి జబ్బు?

ఈటింగ్ డిజార్డర్స్ అనే ఈ తిండి రుగ్మతలకు మూడు ప్రధానమైన రూపాలున్నాయి. అనొరెక్సియా నెర్వోజాలో మనిషి తిండి తగ్గించుకుంటూ పోయి ప్రమాదకరంగా చిక్కిపోతుంది, అయినా తగ్గింపు ఆపలేదు. బులీమియా నెర్వోజాలో అదుపు తప్పి తినడం, తర్వాత వేళ్లు పెట్టి కక్కడమో, విరేచనాల మాత్రలు మింగడమో, పస్తుండడమో ఉంటుంది. లండన్‌లో జెరాల్డ్ రస్సెల్ 1979లో దీన్ని విడిగా గుర్తించాడు. బింజ్ ఈటింగ్‌లో అదుపు తప్పి తినడం ఉంటుంది, కక్కడం ఉండదు. సిగ్గు మాత్రం రెండింతలు. ఆడపిల్లల్లో ఎక్కువ, మగపిల్లల్లో లేదని కాదు. జిమ్ముల్లో కండల కోసం అన్నం మానేసి పొడి డబ్బాల మీద బతికే కుర్రాళ్లను మీరూ చూసే ఉంటారు.

మన దగ్గర ఇవి ఉన్నాయా? 1995లో ఢిల్లీ వైద్యులు ఐదుగురు యువతుల కథనం ప్రచురించారు. వాళ్లు తిండి మానేశారు, చిక్కిపోయారు. కానీ లావైపోతామన్న భయం, పాశ్చాత్య పుస్తకాల్లో మొదటి లక్షణంగా రాసి ఉండేది, వాళ్లలో కనిపించలేదు. తెలుగు జిల్లాల నుంచి రోగులు రైలెక్కి వెళ్లే వెల్లూరు సీఎంసీ 2007లో ఇంకో లెక్క చెప్పింది. ఐదేళ్లలో అక్కడి పిల్లల మానసిక వైద్య విభాగంలో తిండికి సంబంధించిన రుగ్మతతో గుర్తించినవాళ్లు 41 మంది. వాళ్లలో అత్యధికులకు ఉన్నది శరీరంలో కారణం కనపడని వాంతులు. అనొరెక్సియా వాళ్లు కొద్దిమందే. బెంగళూరులో మానసిక వైద్యులను అడిగితే మూడింట రెండు వంతుల మంది ఇలాంటి రోగిని చూశామన్నారు, ఆ సర్వే 2012 నాటిది.

అంటే మన ప్రాంతంలో ఈ జబ్బు తలుపు తట్టేటప్పుడు అద్దం ముందు నిలబడి ‘నేను లావున్నా’ అంటూ రాకపోవచ్చు. కడుపులో మంట, గ్యాసు, ‘తింటే వాంతి వస్తది డాక్టరు సాబ్’, నెలసరి ఆగిపోవడం, కళ్లు తిరగడం - ఈ రూపాల్లో వస్తుంది. ముందుగా వెళ్లేది ఆర్‌ఎంపీ దగ్గరికి. తర్వాత గ్యాస్ట్రో స్పెషలిస్టు, ఎండోస్కోపీ, ఆడవాళ్ల డాక్టరు. కొన్ని ఇళ్లలో భూతవైద్యుడి వంతూ వస్తుంది. మానసిక వైద్యుడి పేరు చివరన వినిపిస్తుంది, వినిపిస్తే.

లావు భయం మాత్రం మనకు పట్టదనుకుంటే పొరపాటు. ఫిజీ దీవుల్లో ఒక ప్రాంతానికి 1995లో టీవీ వచ్చింది. అక్కడ బొద్దుగా ఉండడమే అందం. హార్వర్డ్ పరిశోధకురాలు ఆన్ బెకర్ టీవీ వచ్చిన కొత్తలో బడిపిల్లలను అడిగితే బరువు తగ్గడానికి కక్కుకుంటామన్నవాళ్లు ఒక్కరూ లేరు. మూడేళ్ల తర్వాత 11 శాతం మంది చెప్పారు. ఆ మూడేళ్లలో వాళ్లకు వచ్చింది ఒక్క టీవీ. మన పిల్లల చేతిలో ఇప్పుడు ఉన్నదేమిటో ఈ సభకు చెప్పనక్కర్లేదు.

తెలుగు సినిమా ఈ సంగతిని ఒక్కసారి నేరుగా తాకింది. 2015లో వచ్చిన ‘సైజ్ జీరో’ కోసం అనుష్క నిజంగానే బరువు పెరిగింది. సన్నబడడం పేరుతో సాగే మోసాల మీద ఆ కథ. అదే ఏడాది జూన్‌లో నటి ఆర్తి అగర్వాల్ అమెరికాలో చనిపోయింది. అప్పటికి కొన్ని వారాల ముందే ఆమె కొవ్వు తీయించుకునే శస్త్రచికిత్స చేయించుకుందని పత్రికలు రాశాయి. ఆ చావుకు కారణాన్ని ఇక్కడ తేల్చడం తగదు. తెర మీది ఆడదాని నడుము కొలతను ఊరంతా చర్చించే అలవాటు మనదేనన్నది మాత్రం దాచలేం.

తెలంగాణ పరిస్థితి ఇంకా చిక్కైంది. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం రాష్ట్రంలో దాదాపు 19 శాతం మహిళలు ఉండాల్సినదానికన్నా బక్కగా ఉన్నారు, 30 శాతం అధిక బరువుతో ఉన్నారు, సగానికి మించి రక్తహీనులు. ఒకే వాకిట్లో అవ్వకు తిండి చాలక, అమ్మకు షుగరు వచ్చి, పిల్ల డైట్ చేస్తూ ఉండొచ్చు. చిక్కిపోయిన పిల్లను చూసి ‘రక్తం తక్కువుంది, టానిక్ రాయండి’ అని పంపేయడం అందుకే అంత తేలిక.

2. ఆకలి మనసును ఏం చేస్తుంది?

1944 నవంబరులో అమెరికాలోని మిన్నెసోటా విశ్వవిద్యాలయం ఫుట్‌బాల్ స్టేడియం కింది గదుల్లో ఒక ప్రయోగం మొదలైంది. యుద్ధంలో తుపాకీ పట్టబోమని ప్రకటించిన 36 మంది యువకులు స్వచ్ఛందంగా వచ్చారు. యూరప్‌లో ఆకలితో అలమటిస్తున్నవాళ్లకు యుద్ధం ముగిశాక ఎలా తిండి పెట్టాలో తెలుసుకోవడం లక్ష్యం. నిర్వహించినది ఆన్సెల్ కీస్. 24 వారాల పాటు రోజుకు సగటున 1,570 కేలరీలు: ఆలుగడ్డలు, దుంపలు, రొట్టె, మాకరోనీ. వారానికి 35 కిలోమీటర్ల నడక. దాదాపు నాలుగో వంతు బరువు పోయింది.

బరువు పోవడం అనుకున్నదే. మనసుకు జరిగింది మాత్రం ఎవరూ ఊహించలేదు. ఎంతో నిబ్బరమైనవాళ్లని పరీక్షించి ఎంచుకున్న యువకులు రోజంతా తిండి గురించే మాట్లాడారు. వంట పుస్తకాలు సేకరించారు. పళ్లెంలో ఉన్న కాస్తనూ ముక్కలు చేసి, నీళ్లు కలిపి, గంటల తరబడి తిన్నారు. స్నేహితులు, ప్రేమలు, చదువు - వేటి మీదా ఆసక్తి లేదు. చిరాకు, దిగులు, ఒంటరితనం. ఒకరు గొడ్డలితో తన చేతి వేళ్లు నరుక్కున్నారు; కావాలని చేశాడో పొరపాటున జరిగిందో అతనే చెప్పలేకపోయాడు. మళ్లీ తిండి పెట్టడం మొదలయ్యాక కొందరు కడుపు పగిలేలా తిన్నారు, అయినా ఆకలి తీరలేదన్నారు. మనసు మామూలు కావడానికి నెలలు పట్టింది.

వీళ్లెవరికీ అందం పిచ్చి లేదు.  మానసికంగా ఆరోగ్యవంతులని పరీక్షించి ఎంచుకున్నవాళ్లు. అనొరెక్సియా రోగిలో మనం ‘మొండితనం’ అనుకునే లక్షణాల్లో చాలావాటిని ఆకలి ఒక్కటే పుట్టించింది. వాట్సాప్‌లో తిరిగే 1,200 కేలరీల డైట్ చార్టు ఈ ప్రయోగం పెట్టిన తిండి కన్నా తక్కువ అన్న సంగతి ఇక్కడ కూర్చున్న కాలేజీ పిల్లలు ఒకసారి గమనించాలి.

దీని నుంచి చికిత్సకు ఒక కఠినమైన నియమం వచ్చింది. బాగా చిక్కిపోయిన మనిషితో చిన్ననాటి సంగతులు, ఆత్మగౌరవం, పరిపూర్ణత పిచ్చి గురించి వారాల తరబడి మాట్లాడి, మాటల వల్ల మనసు విప్పుకున్నాక తినడం మొదలుపెడుతుందని ఎదురుచూడటం, విరిగిన కాలికి కట్టు కట్టకుండా నడక నేర్పడం లాంటిది. వినే మెదడే పస్తు మీద ఉంది. తిండి ఇక్కడ చికిత్సకు ముందు జరిగే ఏర్పాటు కాదు, మానసిక చికిత్సలో మొదటి భాగం.

3. కుటుంబాన్ని గదిలోకి రానివ్వాలా?

ఈ ప్రశ్న మీద వంద సంవత్సరాలు వైద్యులు తప్పు దారిన నడిచారు. 1873లో లండన్‌లో విలియం గల్, పారిస్‌లో షార్ల్ లసేగ్ అనొరెక్సియాను దాదాపు ఒకేసారి వర్ణించారు. గంట గంటకూ తిండి పెట్టమన్నాడు గల్, మంచి మాటే. ఆ తిండి పెట్టడానికి మాత్రం చుట్టపక్కాలు పనికిరారన్నాడు. ఆ తర్వాత తరాలకు తరాలు పిల్లను తల్లిదండ్రుల నుంచి వేరు చేసి ఆస్పత్రిలో ఉంచడమే వైద్యమైంది. ఇరవయ్యో శతాబ్దం మధ్యకు వచ్చేసరికి తల్లే కారణమన్న మాట కూడా చేరింది. 1978లో సాల్వడోర్ మినూచిన్, ఒకరిలో ఒకరు మరీ కలిసిపోయిన కుటుంబాల్లో ఈ జబ్బు పుడుతుందని పుస్తకం రాశాడు. చిత్రమేమిటంటే, కుటుంబమంతా వైద్యుడి ముందు కూర్చుని కలిసి భోంచేసే పద్ధతిని కనిపెట్టింది కూడా ఆయనే.

ఆ భోజనాన్ని తీసుకుని, నిందను వదిలేసింది లండన్‌లోని మాడ్‌స్లీ ఆస్పత్రి. రస్సెల్, క్రిస్టఫర్ డేర్, ఇవాన్ ఐస్లర్ బృందం 1987లో 80 మంది మీద చేసిన అధ్యయనం ప్రచురించింది. పందొమ్మిదేళ్లలోపు మొదలై, మూడేళ్లకు మించని జబ్బున్న పిల్లలు విడిగా ఒక్కరితో మాట్లాడే చికిత్స కన్నా కుటుంబంతో చేసిన చికిత్సలో మెరుగ్గా కోలుకున్నారు. 2010లో అమెరికాలో 121 మంది కౌమారుల మీద జరిగిన పరీక్షలో, చికిత్స ముగిసిన ఏడాదికి పూర్తిగా కోలుకున్నవాళ్లు కుటుంబ చికిత్సలో 49 శాతం, వ్యక్తిగత చికిత్సలో 23 శాతం. కుటుంబాలే ఈ జబ్బుకు ప్రధాన కారణమన్న వాదనకు ఆధారం లేదని అంతర్జాతీయ ఈటింగ్ డిజార్డర్స్ వైద్యుల సంఘం అదే ఏడాది ప్రకటించింది.

మన దేశంలో చదివే విద్యార్థులకు కుటుంబంతో చేసే చికిత్సను లండన్ నుంచి వచ్చిన కొత్త విషయంగా బోధిస్తున్నారు. కానీ 1950లలోనే అమృత్‌సర్ మానసిక వైద్యశాలలో డాక్టర్ విద్యాసాగర్ ఆవరణలో గుడారాలు వేయించి రోగుల బంధువులను అక్కడే ఉంచారు. రోగికి స్నానం చేయించడం, అన్నం పెట్టడం, పక్కన పడుకోవడం బంధువుల పని. వెల్లూరు మానసిక ఆరోగ్య కేంద్రంలో 1957 నుంచీ కుటుంబం లేకుండా రోగిని చేర్చుకోవడం అలవాటు లేదు. ఆ వైద్యశాలల్లో ఉన్నవి వేరే జబ్బులు, నిజమే. కుటుంబాన్ని గదిలోకి రానివ్వాలా అన్న ప్రశ్నకు మాత్రం జవాబు మన దగ్గర అప్పటికే ఉంది.

4. ఒక ఇల్లు అనుకుందాం

ఎల్లారెడ్డి దగ్గర ఒక ఊరు. తల్లి బీడీలు చుడుతుంది, తండ్రి గల్ఫ్‌లో ఉన్నాడు, ఇంట్లో నాయనమ్మ, ఇంటర్ చదివే పిల్ల, ఆమె తమ్ముడు. ఇది కల్పనే, ఇలాంటి ఇల్లు ఈ జిల్లాలో ఎక్కడైనా ఉండొచ్చు. పిల్ల హాస్టల్ నుంచి దసరాకు ఇంటికొచ్చినప్పుడు అందరూ ‘సన్నబడ్డవు, మంచిగున్నవ్’ అన్నారు. సంక్రాంతికి వచ్చేసరికి బుగ్గలు లోపలికి పోయాయి, జుట్టు రాలుతోంది, ఎండలో కూడా స్వెట్టర్. నెలసరి ఆగింది. సోమవారం, శనివారం, ఏకాదశి ఒక్కపొద్దులు. మిగతా రోజుల్లో ‘హాస్టల్ల తిన్న’, ‘కడుపుల మంట’.

కుటుంబ చికిత్స తొలి సమావేశంలో వైద్యుడు ఇంటిల్లిపాదినీ కూర్చోబెట్టి పరిస్థితి ఎంత ప్రమాదమో దాపరికం లేకుండా చెబుతాడు. తండ్రి వీడియో కాల్‌లో ఉంటాడు. కోవిడ్ కాలంలో చాలా దేశాల్లో ఈ చికిత్స మొత్తం వీడియో మీదే సాగింది కాబట్టి అది అడ్డంకి కాదు. తర్వాత రెండు మాటలు చెప్పాలి. ఇది ఎవరి తప్పూ కాదు. ఈ పిల్ల వేరు, పిల్లను పట్టిన జబ్బు వేరు. రెండో మాట ఇక్కడివాళ్లకు తొందరగా ఎక్కుతుంది. ‘నా బిడ్డ కాదు, దాని మీద ఏదో కూసున్నది’ అని నాయనమ్మ తనంతట తానే అంటుంది. వైద్యుడు ఆ మాటను కొట్టిపారేయకుండా వాడుకోవాలి, భూతవైద్యుడి వైపు వెళ్లకుండా తిప్పాలి.

రెండో సమావేశానికి అన్నం కట్టుకుని రమ్మంటారు. ఎంత పెట్టాలో వైద్యుడు చెప్పడు. ఈ స్థితిలో పిల్లకు ఎంత కావాలనుకుంటున్నారో ఆ అంచనాతో తెమ్మంటాడు. తల్లి భయపడి రెండు రొట్టెలు, పచ్చిపులుసు తెస్తుంది, ‘ఇదైనా తింటదని’. అక్కడే పాఠం మొదలవుతుంది. కోలుకునే పిల్ల రోజుకు 2,500 కేలరీలు దాటి తినాల్సి రావడం మామూలు. నెయ్యి, పల్లీలు, నువ్వులు, సర్వపిండి, బతుకమ్మకు చేసే మలీద ముద్దలు - తక్కువ పరిమాణంలో ఎక్కువ బలమిచ్చేవన్నీ ఇళ్లలో ఉన్నాయి. బెల్లానికి పేరున్న కామారెడ్డిలో ఆ వెతుకులాట అక్కర్లేదు. ఆ భోజనం ముగిసేలోపు తల్లిదండ్రులు ఒక పని సాధించాలి: పిల్ల తాను అనుకున్నదానికన్నా ఒక్క బుక్క ఎక్కువ తినాలి. అరిచి కాదు, బతిమాలీ కాదు, లంచమిచ్చీ కాదు. పక్కన కూర్చుని, ప్రశాంతంగా, కదలకుండా. ‘ఇది మందు బిడ్డా, తినాలె’ అని అదే మాట మళ్లీ మళ్లీ.

అంగన్‌వాడీ టీచర్లకు ఇది కొత్త కాదు. ఆరోగ్యలక్ష్మి కింద గర్భిణులకు ఇచ్చే పూట భోజనం ఇంటికి పంపకుండా కేంద్రంలోనే కూర్చోబెట్టి తినిపించే నియమం ఎందుకు పెట్టారో మీకు బాగా తెలుసు. ఇంటికి పోతే ఆ గుడ్డు ఎవరి పళ్లెంలోకి వెళ్తుందో కూడా తెలుసు. ఎదురుగా కూర్చుని తినేలా చూడటం మీరు ఇప్పటికే చేస్తున్న పని.

చేయకూడనివి కూడా ఉన్నాయి. తమ్ముడిని కాపలా పెట్టొద్దు. అన్నం అయ్యాక అష్టాచెమ్మా ఆడితే చాలు. తిన్నాక గంటసేపు పిల్ల ఒంటరిగా బాత్రూమ్‌కు వెళ్లకుండా మాటల్లో పెట్టాలి. చుట్టాలు ‘ఇప్పుడు మంచిగ లావైనవ్’ అని మెచ్చుకోకుండా ముందే చెప్పి ఉంచాలి, ఆ మెచ్చుకోలు వారం రోజుల శ్రమను తుడిచేస్తుంది. అన్నిటికన్నా ముఖ్యం, తిట్లు వద్దు. కుటుంబంలో నిష్ఠూరాలు ఎక్కువుంటే ఫలితాలు పడిపోతాయని మాడ్‌స్లీ బృందమే చూపింది. అలాంటి ఇళ్లలో తల్లిదండ్రులతో వేరుగా, పిల్లతో వేరుగా మాట్లాడితే మంచిది.

నాయనమ్మ సంగతి విడిగా చెప్పాలి. తల్లి పెట్టిన అన్నం పిల్ల తినకపోతే ‘పోనీలే, చాయ్ తాగుతది’ అని ఊరడించేది ఆమెనే. ప్రేమే, కానీ జబ్బుకు అది సందు. ఇంట్లో పెద్దలందరూ ఒకే మాట మీద ఉండాలన్న పాశ్చాత్య పుస్తకాల నియమం తల్లి, తండ్రి ఇద్దరే ఉన్న ఇళ్లను చూసి రాసింది. ఇక్కడ అత్తాకోడళ్ల మధ్య ఆ ఒడంబడిక కుదిర్చిన వైద్యుడే సగం పని చేసినట్టు. ఒక్కపొద్దుల విషయంలోనూ ఆమె మాటే చెల్లుతుంది. వయసులో పెద్దావిడ ‘దేవుడు అడగడు, నీ వంతు నేనుంటా’ అంటే పిల్ల ముందు ఉన్న గొప్ప సాకు ఒకటి తొలగిపోతుంది.

బరువు తిరిగొచ్చి, పేచీ లేకుండా తింటున్నప్పుడు రెండో దశ: తిండి మీద అధికారం మెల్లగా పిల్ల చేతికి తిరిగివ్వడం. ముందు సాయంత్రం పలారం, తర్వాత ఒక పూట, తర్వాత హాస్టల్. మూడో దశలోనే ఆ వయసుకు తగిన మాటలు వస్తాయి - చదువు, స్నేహాలు, పెళ్లి భయం, ఒళ్లు. అంతా కలిపి ఆరు నెలల నుంచి ఏడాది, ఇరవై సమావేశాల చుట్టుపక్కల. చాలామంది అనుకునే మానసిక చికిత్స మొదలయ్యేది ఈ మూడో దశలో.

5. పెద్దవాళ్లకు, కక్కుకునేవాళ్లకు

పెళ్లయిన ముప్ఫై ఏళ్ల మనిషికి తల్లి ఎదురుగా కూర్చుని తినిపించలేదు. బులీమియాకు, బింజ్ ఈటింగ్‌కు, పెద్దవాళ్లకు ఆక్స్‌ఫర్డ్‌లో క్రిస్టఫర్ ఫెయిర్‌బర్న్ తీర్చిదిద్దిన కాగ్నిటివ్ బిహేవియర్ థెరపీ ఉంది. మామూలుగా ఇరవై వారాల్లో ఇరవై సమావేశాలు. బాగా చిక్కినవాళ్లకు నలభై.

దీని మొదటి మెట్టు చూసి కొత్త విద్యార్థులు నిరాశపడతారు. లోతైన ప్రశ్నలేమీ ఉండవు. ఎప్పుడు, ఏం తిన్నారో, కక్కారో లేదో, అప్పుడేం అనిపించిందో తిన్న వెంటనే రాసుకోవాలి. వారానికి ఒక్కసారే వైద్యుడితో కలిసి బరువు చూసుకోవాలి. రోజుకు మూడు పూటలు, మధ్యలో రెండు మూడు చిన్న తిళ్లు, ఏ రెంటి మధ్యా నాలుగు గంటలకు మించని ఎడం. అంతే. కానీ చక్రం తెగేది అక్కడే. పొద్దున టిఫిన్ మానేసి, మధ్యాహ్నం సగం తిని, రాత్రి పదింటికి వంటగదిలో అదుపు తప్పి, తర్వాత కక్కుకుని, రేపు ఇంకా గట్టిగా పస్తుంటానని ఒట్టేసుకోవడం ఈ జబ్బు నడక. చూసేవాళ్లకు రాత్రి తిండే రోగంలా కనిపిస్తుంది. వైద్యుడు చేయి వేసేది పొద్దున మానేసిన టిఫిన్ మీద.

కక్కితే తిన్నదంతా పోతుందన్న నమ్మకం తప్పని రోగికి వివరంగా చెప్పడం కూడా చికిత్సలో భాగం. తిన్నదాంట్లో దాదాపు సగం శక్తి ఒంట్లోనే ఉండిపోతుంది. విరేచనాల మాత్రలు పోగొట్టేది నీళ్లనే.

మాటల మీద అచ్చంగా నమ్మకం పెట్టుకున్నవాళ్లు కోపెన్‌హాగన్ పరీక్ష ఒకటి తెలుసుకోవాలి. 2014లో ప్రచురించారు. బులీమియా ఉన్న 70 మందిలో సగం మందికి రెండేళ్ల పాటు వారం వారం మనోవిశ్లేషణ చికిత్స, మిగతా సగానికి ఐదు నెలల్లో ఇరవై కాగ్నిటివ్ సమావేశాలు. ఆ పరీక్ష నడిపినవాళ్లు మనోవిశ్లేషణ వైపు మొగ్గినవాళ్లే. ఐదు నెలలకు అదుపు తప్పి తినడం, కక్కడం పూర్తిగా ఆగినవాళ్లు కాగ్నిటివ్ వైపు 42 శాతం, మనోవిశ్లేషణ వైపు 6 శాతం. రెండేళ్లకు 44, 15. తమకు నచ్చని ఫలితాన్ని దాచకుండా అచ్చేసినందుకు వాళ్లకు దండం పెట్టాలి. ఇందులో ఇంకో నిజమూ ఉంది: మంచి చికిత్సలో కూడా సగం మందికి పైగా పూర్తిగా బయటపడలేదు.

6. ఆస్పత్రి ఎప్పుడు?

ఈ భాగం చిన్నదే, మరిచిపోవద్దు. మానసిక జబ్బుల్లో అత్యధిక మరణాలున్నవాటిలో అనొరెక్సియా ఒకటి. ఆ చావుల్లో ఐదింట ఒకటి ఆత్మహత్య. మూర్ఛపోవడం, నాడి నిమిషానికి 40 చుట్టుపక్కలకు పడిపోవడం, కక్కి కక్కి పొటాషియం తగ్గి గుండె లయ తప్పడం, నీళ్లు కూడా తాగకపోవడం, చనిపోతానన్న మాట - వీటిలో ఏదున్నా ఇంటి చికిత్స ఆపి వెంటనే ఆస్పత్రికి తీసుకెళ్లాలి. చాలా రోజులు పస్తున్నవాళ్లకు ఒక్కసారిగా ఎక్కువ తిండి పెడితే రక్తంలో ఫాస్ఫేట్ పడిపోయి ప్రాణం మీదికి రావచ్చు. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక శిబిరాల నుంచి విడుదలైన ఖైదీల్లో ఇలా చనిపోయినవాళ్లున్నారు. అందుకే మొదటి పది రోజులు రక్త పరీక్షలు, థయామిన్, జాగ్రత్తగా పెంచే తిండి. ఇదంతా జిల్లా ఆస్పత్రిలో చేయగలిగిన పనే. 2023లో ఇక్కడ వైద్య కళాశాల మొదలయ్యాక హైదరాబాద్ దాకా పరుగెత్తాల్సిన అవసరం ఇంకా తగ్గాలి.

మందులు? బులీమియాకు ఫ్లూక్సెటీన్ కొంత పనిచేస్తుంది. అనొరెక్సియాను నయం చేసే మాత్ర లేదు.

7. ఎవరు, ఏమని అడగాలి?

లండన్ వైద్యులు 1999లో ఐదు ప్రశ్నల చిన్న పరీక్ష తయారు చేశారు. కడుపు మరీ నిండిందని కావాలని కక్కుతారా, ఎంత తింటున్నారో అదుపు తప్పిందనిపిస్తుందా, మూడు నెలల్లో ఆరు కిలోలకు మించి తగ్గారా, అందరూ సన్నగా ఉన్నారంటున్నా లావుగా ఉన్నామనిపిస్తుందా, తిండి ఆలోచనే రోజంతా నడిపిస్తోందా. రెండింటికి అవునంటే లోతుగా చూడాలి. ఇక్కడ వాడేటప్పుడు నాలుగో ప్రశ్నకు లేదని చెప్పిన పిల్లను వదిలేయకూడదు. ఢిల్లీ ఐదుగురూ లేదనే చెప్పేవాళ్లు. దాని బదులు వేరే నాలుగు అడగండి. నెలసరి వస్తుందా? ఇంట్లోవాళ్లతో కలిసి కూర్చుని తిని ఎన్ని రోజులైంది? వారానికి ఎన్ని ఒక్కపొద్దులు, అవి ఎప్పటి నుంచి పెరిగాయి? ఏవి తినడం మానేసింది - మొదట నెయ్యి, తర్వాత అన్నం, తర్వాత పప్పు?

అడిగేది ఎవరన్నది కూడా ముఖ్యం. మెస్‌లో కంచాలు చూసే వార్డెన్, పీఈటీ సారు, రక్తహీనత మాత్రలు పంచే ఏఎన్ఎం, పళ్ల డాక్టరు. పళ్ల డాక్టరు ఎందుకంటే, కక్కుకునేవాళ్లలో ముందు పళ్ల లోపలి వైపు ఎనామిల్ కరుగుతుంది. వేళ్లు గొంతులో పెట్టుకునేవాళ్లకు చేతి కణుపుల మీద మచ్చలు పడతాయి. ఆ గుర్తును మొదట రాసింది రస్సెల్, అందుకే దానికి ఆయన పేరే ఉంది. దవడల కింద గ్రంథులు ఉబ్బి ముఖం గుండ్రంగా కనిపిస్తుంది, ఇంట్లోవాళ్లు ‘ఒళ్లు చేసింది’ అనుకుంటారు.

అనుమానం వచ్చాక ఎక్కడికి? 2022 అక్టోబరు 10న మొదలైన టెలీ-మానస్ నంబరు 14416. రాత్రీ పగలూ పనిచేస్తుంది, డబ్బులేమీ పడవు, తెలుగులో మాట్లాడతారు. జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద ఉన్న వైద్యుడి దగ్గరికి పంపేటప్పుడు చీటీ మీద ‘గ్యాస్ట్రిక్’ అని కాకుండా మూడు అంకెలు రాయండి: ఎత్తు, ఇప్పటి బరువు, ఆరు నెలల కింద ఉన్న బరువు. పాత బరువు కాలేజీ ఆరోగ్య కార్డులోనో, పోలీసు ఉద్యోగానికి దరఖాస్తు చేసిన కుర్రాడైతే శారీరక పరీక్ష కాగితంలోనో దొరుకుతుంది. వెంట ఒక్క తల్లినే పంపకుండా, ఇంట్లో అన్నం వడ్డించేవాళ్లెవరో, వంటగదిలో మాట చెల్లేదెవరిదో కనుక్కుని వాళ్లను కూడా రమ్మనండి. బస్సు చార్జీలకు వెనకాడితే, తొలి రెండు సమావేశాలకైనా అందరూ వస్తే తర్వాతివి ఫోన్ మీద నడపొచ్చని చెప్పండి.

ప్రశ్నలుంటే అడగవచ్చు. ఎల్లారెడ్డి వైపు వెళ్లేవాళ్లకు బస్సు టైమవుతోంది కాబట్టి వాళ్లవి ముందు తీసుకుందాం.